బాగున్న ఒళ్ళు

వాడు చేసిన తప్పల్లా ఫ్యాను కట్టేయమనడమే.

అదైనా పొగరుతో అన్న మాట కాదు. డాక్టరు చదువులో పుస్తకాల భాగం అయిపోయి, తెల్లకోట్లు తొడుక్కుని ఆసుపత్రిలోకి అడుగుపెట్టిన మొదటి రోజది. వార్డు చివర పాఠం చెప్పే గది. గది నడుమ రెక్సిను చిరిగి దూది బయటికొచ్చిన బల్ల, బల్ల మీద ఒక ముసలి రోగి, ఆయన నెత్తిన గడగడలాడుతూ తిరిగే పాత ఫ్యాను, చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ కుర్రాళ్ళూ అమ్మాయిలూ. ఆ విభాగానికంతటికీ పెద్ద కాబట్టి అందరూ పెద్ద సారు అని పిలిచే మనిషి, ముసలాయన వీపు మీద ఎడమచేతి నడిమివేలు పరిచి, దాని మీద కుడిచేతి నడిమివేలితో టకటకా కొట్టి చూపించాడు. లోపల గాలుంటే ఖాళీ డబ్బాలా మోగాలి, అది నార్మల్. నీరు చేరితే గోడ మీద కొట్టినట్టు బండగా ఉంటుంది, అది డల్. అదీ ఆ పూట పాఠం.

"విన్నారా?" అన్నాడు పెద్ద సారు.

"విన్నాం సార్" అన్నారు అందరూ.

ఎవడికీ వినపడలేదు. ఆ ఫ్యాను కింద పక్కవాడు తుమ్మినా వినపడదు. కానీ డాక్టరు చదువుకొచ్చేసరికి పిల్లలకి అంతమాత్రం లోకజ్ఞానం వచ్చేసి ఉంటుంది. వీడికి రాలేదు. ముందు వరసలో నిలబడి, చెయ్యి కూడా ఎత్తి మరీ, "సార్, ఒక్క నిమిషం ఫ్యాను కట్టేస్తే బాగా వినపడుతుందేమో సార్" అన్నాడు.

పెద్ద సారు తల ఎత్తి ఫ్యానుని చూశాడు. తల దించి వీణ్ణి చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో తెలియని అమాయకులు కొందరు తామూ నవ్వారు.

"నా జీవితమంతా ఈ ఫ్యాను కిందే గడిచింది నాయనా. దేశంలో సగం మంది డాక్టర్లు దీని కిందే నేర్చుకుని పోయారు. ఒక్కడికీ అడ్డం రాలేదు. నీ చెవులకి అడ్డొచ్చిందా? సరే అయితే. చొక్కా విప్పు."

"సార్?"

"చెవులు నిజంగానే బాలేవా ఏంటి? చొక్కా విప్పి బల్లెక్కు."

ముసలాయన్ని దింపి వీణ్ణి ఎక్కించారు. రెక్సిను ఇంకా వెచ్చగానే ఉంది. పెద్ద సారు వీడి భుజం మీద చెయ్యి వేసి, సంతలో పశువుని చూపించినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"జబ్బు ఒంటి మీద చెయ్యేసే ముందు బాగున్న ఒంటి మీద చెయ్యేసి నేర్చుకోవాలి. అందుకని ప్రతి బ్యాచికీ నాకొక నార్మల్ ఉంటాడు. ఈ బ్యాచికి వీడు. రోజూ పాఠానికి ముందు బల్లెక్కుతాడు, అందరూ వీడి మీద కొట్టి నేర్చుకుంటారు. రెండే రెండు షరతులు. బొమ్మకి నోరుండదు, కాబట్టి బల్ల మీదున్నంతసేపు వీడు మాట్లాడకూడదు. ఇక రెండోది..."

మెడలోంచి స్టెతస్కోపు తీసి, దాని రబ్బరు గొట్టం మడిచి పట్టుకుని, చెప్పకుండా వీడి వీపు మీద ఒకటి ఛెళ్ళుమనిపించాడు.

"మీలో ఎవరు తప్పు చెప్పినా దెబ్బ వీడికి. తప్పు చెప్పినవాణ్ణే కొడితే వాడొక్కడే నేర్చుకుంటాడు. పక్కవాణ్ణి కొడితే బ్యాచి మొత్తం నేర్చుకుంటుంది."

అమ్మాయిల్లో ఒకామె కళ్ళు తుడుచుకుంది. పెద్ద సారు అదీ చూశాడు. "ఏడవకమ్మా. జాలుంటే సరిగ్గా చెప్పు, చాలు."

అంతే, ఆ రోజునుంచీ వాడి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది. మెస్సులో వడ్డించేవాడు కూడా "నార్మల్ బాబుకి ఇంకో గరిటె వెయ్యి" అనేవాడు.

పేరుదేముంది, పేరు పోతే పోయింది. ఒళ్ళే వాడిది కాకుండా పోయింది. గుండె ఎక్కడిదాకా ఉందో, కాలేయం ఎక్కడ మొదలవుతుందో పెద్ద సారు వాడి చర్మం మీద ఊదారంగు పెన్సిలుతో గీసేవాడు. అది సబ్బుకి పోదు. ఎంత గట్టిగా రుద్దితే అంత ఎర్రగా చర్మం లేస్తుంది గానీ గీత పోదు. ఆ గీతలు పోకముందే మళ్ళీ కొత్తవి పడేవి. స్నానాల గదిలో చొక్కా విప్పితే పక్క బ్యాచివాళ్ళు, "రేయ్, మ్యాపు వచ్చింది, మ్యాపు" అని నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని.

వాడి గదిలో ఉండేవాణ్ణి అందరూ రేడియో అంటారు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడతాడు. నురగ తుంపర్లు పడతాయని ఎవరూ వాడి పక్క కుళాయి దగ్గరకి వెళ్ళరు. మొదటి వారమే రేడియో వాణ్ణి కూర్చోబెట్టి, "పదరా, ప్రిన్సిపాలు దగ్గరకెళ్దాం. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కొట్టడమేంటి? ఇదేమన్నా సర్కసా?" అని ఎగిరాడు.

కిటికీ పక్క మంచం మీద తల దువ్వుకుంటున్న తాతయ్య నవ్వాడు. తాతయ్య అంటే నిజం తాతయ్య కాదు, వాళ్ళ క్లాసువాడే. కాకపోతే ఆ క్లాసు ఎన్నిసార్లు చదువుతున్నాడో వాడికే లెక్క లేదు. చెవుల పక్క జుట్టు నెరిసింది. వాడితో చేరినవాళ్ళు ఊళ్ళల్లో బోర్డులు పెట్టుకుని ప్రాక్టీసు చేస్తున్నారు. ఎప్పుడో ఒకసారి వైవాలో, "పుస్తకంలో అలా లేదు సార్" అన్నాడట. అంతే, ఇక ఆ ఏడు నుంచి కదల్లేదు.

"వెళ్ళండ్రా నాయనా, వెళ్ళండి" అన్నాడు తాతయ్య. "ప్రిన్సిపాలు ఎవరనుకున్నారు? పెద్ద సారు పాత నార్మలే. మా కాలంలోనే చెప్పుకునేవాళ్ళు. బల్లెక్కినవాళ్ళందరూ తర్వాత పెద్ద కుర్చీలెక్కారు. నోరు మూసుకోవడం అక్కడే బాగా వంటబట్టింది మరి. నా మాట వినండి. ఆయన కాకి తెల్లగా ఉందంటే, అవును సార్, మా ఇంటి మీద కూడా అలాంటిదే వాలుతుంది అనాలి. హాజరు కింద సంతకం ఆయనది. ప్రాక్టికల్ మార్కులు ఆయనవి. ఏడాది పోవడం అంటే ఏంటో నన్నడుగు, చెబుతా."

ఎవరూ అడగలేదు. ఎదురుగా కనపడుతూనే ఉంది కదా.

అలా అలవాటు పడిపోయారు. అలవాటవడమంత పాడుపని ఇంకోటి లేదు. బ్యాచిలో పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు. పాఠం మొదలయ్యేముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవాళ్ళు, వాడి ఒంటికి చల్లగా తగలకూడదని. వాడికి దెబ్బ పడకూడదని రాత్రంతా బట్టీపట్టి వచ్చేవాళ్ళు. ఎవరి వేలికి ఏం వినిపించినా, వినిపించకపోయినా, "నార్మల్ సార్" అనేవాళ్ళు. వాళ్ళ మంచితనం అది. ఆ మంచితనమే వాడి కొంప ముంచింది.

చలికాలం దాటాక వాడికి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా చెమటకి తడిసి ఉండేది. మెట్లెక్కితే ఆయాసం. ఫ్యాను కింద చొక్కా లేకుండా పడుకుంటున్నాను కదా, జలుబు చేసిందిలే అనుకున్నాడు. డాక్టరు చదువు చదివేవాడు కూడా తన ఒంటి విషయంలో ఇలాగే అనుకుంటాడు. ఒక రోజు స్నానాల గదిలో, నీళ్ళు పోసుకుంటూ, చేతికి అలవాటైపోయిన పనిలా ఎడమవైపు పక్కటెముకల మీద వేలు పెట్టి కొట్టుకున్నాడు. బండగా తగిలింది. కుడివైపు కొట్టాడు. మోగింది. మళ్ళీ ఎడమవైపు. కుళాయి కట్టేసి, ఊపిరాపి, ఇంకోసారి. గోడ మీద కొట్టినట్టే ఉంది.

పక్కన నిజంగా గోడ ఉంది. దాని మీదా కొట్టి చూశాడు. తేడా తెలియలేదు.

మర్నాడు బల్ల మీద బోర్లా పడుకుని ఎదురుచూశాడు. ఇంతమంది కొడతారు, ఎవడో ఒకడు చెప్పకపోతాడా అని. ఒక్కొక్కరూ వచ్చారు, కొట్టారు, "నార్మల్ సార్" అన్నారు, పోయారు. రేడియో వంతు వచ్చింది. రేడియో వేళ్ళు వాడికి తెలుసు. ఎడమ భుజం రెక్క కింద కొట్టి ఆగాయి. ఇంకాస్త కిందకి జరిగి కొట్టి మళ్ళీ ఆగాయి.

"సార్..." అన్నాడు రేడియో. "ఇక్కడ కొంచెం డల్‌గా ఉన్నట్టుంది సార్."

ఫ్యాను గడగడలాడుతోంది.

"నార్మల్ ఒంట్లో డల్ ఏంట్రా?" అన్నాడు పెద్ద సారు, చాలా మెత్తగా. "నార్మల్ అని నేనన్నాక డల్ ఎక్కడినుంచొస్తుంది? నీ వేల్లోనుంచా?"

గొట్టం ఛెళ్ళుమంది. సరిగ్గా అక్కడే, ఎడమ రెక్క కింద. వాడికి దగ్గు తెర ముంచుకొచ్చింది. బొమ్మ దగ్గకూడదు కదా, పళ్ళు బిగబట్టి రెక్సిను కొరికాడు.

"మళ్ళీ కొట్టు. ఇప్పుడు చెప్పు."

రేడియో గొంతు సగమైపోయింది. "నార్మల్ సార్."

"గట్టిగా."

"నార్మల్ సార్!"

సాయంత్రం గదిలో రేడియో వాడి చొక్కా ఎత్తి, కిటికీ తలుపులు మూసి, మంచం మీద కూర్చోబెట్టి నిదానంగా కొట్టి చూశాడు. తాతయ్యా వచ్చి ఒక వేలు వేశాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీరురా" అన్నాడు రేడియో. "సగానికి సగం నీరు. క్షయ అయ్యుంటుంది. మందులు పడితే తగ్గిపోతుంది, భయం లేదు. రేపే ఎక్స్‌రే తీయిద్దాం."

"తీయిస్తే?" అన్నాడు వాడు.

"తీయిస్తే ఏముంది, తెలుస్తుంది."

"తెలిస్తే వార్డులో చేరుస్తారు. చేరిస్తే హాజరు తగ్గుతుంది. ఇప్పటికే అంచు మీదుంది. ఆయన సంతకం పెట్టడు. రోజూ నా ఒంటి మీద వేలేసి నార్మల్ అన్న మనిషి, నీరుందని కాగితం చూపిస్తే ఊరుకుంటాడా? ఆయన్ని వేలెత్తి చూపించినట్టే కదా?"

"ప్రాణం కన్నా హాజరెక్కువా?"

తాతయ్య కిటికీ వైపు నడిచాడు. "పరీక్షలు దగ్గరికొచ్చాయి. అవి రాసేసి ఆ మర్నాడే చేరిపో. అందాకా జ్వరం బిళ్ళలతో లాక్కురా" అన్నాడు. కిటికీ తలుపు మళ్ళీ తెరుస్తూ, "నేనైతే అలాగే చేస్తాను" అన్నాడు. వాడు చేస్తానన్నదేదీ మంచిది కాదని ముగ్గురికీ తెలుసు.

అయినా రేడియో వాణ్ణి వదల్లేదు. విద్యార్థులకని ఒక చిన్న దవాఖానా ఉంటే చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళాడు. అక్కడి డాక్టరు బల్ల మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుతున్నాడు. వాణ్ణి చూడగానే మొహం వికసించింది.

"ఓ, పెద్ద సారు నార్మల్‌వి నువ్వే కదూ? కూర్చో కూర్చో. ఏంటి సంగతి?"

దగ్గు, జ్వరం, ఆయాసం, అన్నీ చెప్పాడు. ఒక్క ఎక్స్‌రే రాసివ్వమన్నాడు.

"పిచ్చివాడా, ఈ ఊళ్ళో జనం ఆయన చేత్తో ఒక్కసారి ఛాతీ చూపించుకోవాలని నెలల తరబడి తిరుగుతారు. నిన్నేమో రోజూ చూస్తున్నాడు, అదీ ఊరికే. నీకేదన్నా ఉంటే ఆయనకి తెలియకుండా ఉంటుందా? ఆయన నార్మలన్నాక కాదనడానికి నేనెవణ్ణి?"

"మీరే ఒకసారి వేలేసి చూడండి సార్" అన్నాడు రేడియో.

ఆయన పేపరు మడిచాడు. వాడి ఛాతీ వైపు చూశాడు, వేలెయ్యలేదు. నిప్పు వైపు చూసినట్టు చూశాడంతే. "ఆయన సంతకం పట్టుకొస్తే ఎక్స్‌రేకి రాస్తాను" అని నాలుగు జ్వరం బిళ్ళలు చేతిలో పెట్టాడు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు వాడు. ఆయాసం. ఎదురుగా ఎంత పెద్ద ఆసుపత్రి! అన్ని అంతస్తుల నిండా డాక్టర్లు. అంతమందిలో వాడి రోగం పట్టుకోవడానికి ఒక్కడికీ వీల్లేదు.

పరీక్షలకి ముందు అక్క వచ్చింది, కొత్త తెల్లకోటు పట్టుకుని. బడిపిల్లల బట్టలు కుట్టే దుకాణంలో మిషను తొక్కుతుంది అక్క. వాడి కోట్లన్నీ తన చేత్తోనే కుడుతుంది. హాస్టలు గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని, వాడికి తొడిగి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి నడుము దగ్గర గుడ్డ పట్టుకుంది. పిడికిలి నిండా వచ్చింది.

"చిన్నోడా, నా కొలత తప్పిందేంట్రా? పాత కొలతకే కుట్టాను. ఇద్దరు పట్టేట్టున్నారు ఇందులో."

"మెస్సు తిండక్కా."

"మీ బావ చూడు, నా వంట తిని తలుపులో పట్టడం లేదు. నువ్వు డాక్టరయ్యాక మొదటి రోగి ఆయనేనట. నడుం నొప్పి అప్పటిదాకా దాచిపెట్టుకుంటాట్ట!" అని నవ్వుతూ కాలరు సర్దబోయి ఆగింది. మెడ కింద ఊదారంగు గీత కనపడింది. "ఇదేంట్రా?"

"పాఠం అక్కా. పెద్ద సారు నా మీదే గీసి చెప్తాడు అందరికీ."

"నీ మీదేనా? అంతమందిలో?" అక్క మొహం దీపం వెలిగించినట్టయింది. "అంటే నువ్వంటే ఎంత గురి ఉండాలి ఆయనకి! దుకాణంలో చెప్తానుండు. మొన్న ఆ గుండీలు కుట్టే ఆవిడ, మీవాడు నిజంగా చదువుతున్నాడా, తిరుగుతున్నాడా అని ఎత్తిపొడిచింది."

వాడికి ఆ క్షణంలో అంతా కక్కేయాలనిపించింది. అక్క ఒళ్ళో తలపెట్టి, ఇంటికి తీసుకుపో అనాలనిపించింది. నోరు కూడా తెరిచాడు. దగ్గొచ్చింది. అక్క వీపు నిమిరింది. నిమిరిన చెయ్యి గొట్టం దెబ్బ మీద పడి చురుక్కుమంది.

"పరీక్షలైపోగానే వచ్చెయ్. ఒళ్ళు బాగుచేస్తాను" అని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు రెండు పక్కలా బిగించి, అక్కడికక్కడే చేత్తో కుట్టేసి వెళ్ళింది. ఇప్పుడు కోటు సరిపోయింది. చూసేవాళ్ళకి ఏ లోటూ కనపడదు.

ప్రాక్టికల్ పరీక్షకి బయటి కాలేజీనుంచి ఒక మేడమ్ వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టుతో, తక్కువ మాటలతో. వాడి వంతు పొద్దున్నే అయిపోయింది. గుండె జబ్బు కేసు వచ్చింది, బాగానే చెప్పాడు. గండం గడిచిందనుకుని గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే పెద్ద సారు వేలితో పిలిచాడు.

"నీది అయిపోయిందిగా. కేసుల్లో ఒక నార్మల్ కలపాలి. ఎక్కు."

వీణ్ణి నార్మల్‌గా పెడతారని బ్యాచిలో అందరికీ తెలుసు. ఈ కేసు తగిలినవాడి అదృష్టమే అదృష్టం, కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు అనుకున్నారు. ఇద్దరు వచ్చారు. కొట్టారు. "నార్మల్ మేడమ్" అన్నారు. మేడమ్ మార్కులు వేసుకుంది. మూడోవాడు రేడియో.

రేడియో వేళ్ళు ఎడమ రెక్క కిందకి రానేలేదు. పైపైన కొట్టి, "నార్మల్ మేడమ్" అన్నాడు. గొంతు వణికింది.

మేడమ్ రాస్తున్నది ఆపింది. రేడియోని చూసింది. బల్ల మీద ఒంటిని చూసింది. ఊపిరి తీసినప్పుడు కుడివైపు లేస్తోంది, ఎడమవైపు లేవడం లేదు.

"ఆ ఫ్యాను కట్టేయండి" అంది.

ఎవరూ కదల్లేదు. ఆ ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. మేడమే వెతుక్కుని వెళ్ళి నొక్కింది. రెక్కలు నిదానించి, కిర్రుమని ఆగాయి. గదిలో అంత నిశ్శబ్దం వాడు ఎన్నడూ వినలేదు. మేడమ్ వేలు పరిచి కొట్టింది. కుడివైపు మోగింది. ఎడమవైపు బండ. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడింది.

"నువ్వు కొట్టు" అంది రేడియోతో.

రేడియో కొట్టాడు.

"ఏం వినపడింది?"

రేడియో మేడమ్ వైపు చూడలేదు. పెద్ద సారు చేతిలో ఉన్న గొట్టాన్ని, వాడి వీపుని చూశాడు. "నార్మల్ మేడమ్."

మేడమ్ పెద్ద సారు వైపు తిరిగింది. "ఇది నార్మల్ కేసన్నారు మీరు."

వాడు బోర్లా పడుకుని, చెంప రెక్సినుకి ఆనించి, గుండె కొట్టుకుంటుంటే విన్నాడు. అయిపోయింది, పెద్ద సారు దొరికిపోయాడు, ఇక నేను బతికాననుకున్నాడు.

పెద్ద సారు నవ్వాడు. "అదే కదా మేడమ్ పరీక్ష! నార్మల్ అని ప్రచారం చేసి పెట్టాను. ఎవడు తన చెవిని నమ్ముతాడో, ఎవడు నా మాటని నమ్ముతాడో చూద్దామని. ముగ్గురికి ముగ్గురూ బోల్తాపడ్డారు. చూశారుగా ఈ కాలం పిల్లల చదువులు."

"మరి ఇతనికి వైద్యం?"

"ఎప్పుడో మొదలుపెట్టాం. నా దగ్గరే, నా చేత్తోనే. ఏరా, మందులు వాడుతున్నావా లేదా? చెప్పు మేడమ్‌కి."

బల్ల మీద ఉండగా వాణ్ణి మాట్లాడమనడం అదే మొదటిసారి.

వాడు లేచి కూర్చున్నాడు. ఎదురుగా రేడియో, బిక్కచచ్చిపోయి. లేదంటే? సారు మాట అబద్ధమని తేలి రేడియో గట్టెక్కుతాడు. మందులు లేవు, ఏమీ లేవు, నెలల తరబడి ఈయన వేలికే తెలియలేదు అంటే? సాయంత్రం మేడమ్ బండెక్కి తన ఊరు పోతుంది. ఈయన ఇక్కడే ఉంటాడు. ఇంకా వెయ్యని వాడి మార్కులూ ఇక్కడే ఉంటాయి. చెవుల పక్క నెరిసిన తాతయ్య గుమ్మంలోంచి తొంగిచూస్తున్నాడు. అక్క దుకాణంలో గుండీలు కుట్టే ఆవిడ ఎవరో వాడు చూడనైనా లేదు గానీ, ఆవిడ మొహం కూడా కళ్ళ ముందు ఆడింది.

"వాడుతున్నాను మేడమ్."

"ఏ మందులు?"

పుస్తకంలో ఉన్న నాలుగు పేర్లూ, ఉన్న వరసలోనే, గడగడా చెప్పాడు.

"మూత్రం ఏ రంగులో వస్తోంది?"

ఆ మందులకి రంగు మారుతుందని అదీ పుస్తకంలో ఉంది. "నారింజ రంగులో మేడమ్."

వాడు జీవితంలో అంత బాగా జవాబు చెప్పిన పరీక్ష ఇంకోటి లేదు. మేడమ్ చాలాసేపు వాడి కళ్ళల్లోకి చూసింది. ఆవిడకి తెలియక కాదు. తెలిసినా ఎక్కడిదాకా లాగాలో లెక్క వేసుకుందేమో. కలం మూత పెట్టుకుని, "ఇవాళే వార్డులో చేర్పించండి. నీరు తీయించండి" అంది.

"సాయంత్రానికే అనుకున్నాం మేడమ్" అన్నాడు పెద్ద సారు.

ఎవరో ఫ్యాను మళ్ళీ వేశారు.

ఆ ముగ్గురూ పరీక్ష తప్పారు. వాడు నెగ్గాడు.

పెద్ద సారు వార్డులోనే, కిటికీ పక్క మంచం ఇచ్చారు వాడికి. మంచిగానే చూశారు, అబద్ధమాడకూడదు. పెద్ద సూదితో నీరు తీశారు, సీసాల కొద్దీ వచ్చింది. మందులు పడ్డాయి. ఆకలి పుట్టింది. అక్క రోజు విడిచి రోజు వచ్చి, కనపడ్డ నర్సుకల్లా దణ్ణం పెట్టి, "పెద్ద సారే స్వయంగా చూస్తున్నాడు మా తమ్ముణ్ణి" అని చెప్పి పోయేది. వాడు చెవులు మూసుకోలేక కళ్ళు మూసుకునేవాడు. దుప్పటి కింద ఎడమవైపు వేలేసి కొట్టుకుంటే మోగేది. మోగినప్పుడల్లా రేడియో గుర్తొచ్చేవాడు. రేడియో ఒక్కసారీ చూడటానికి రాలేదు. వస్తే ఏం మాట్లాడాలో తెలియక, రాకపోవడమే మేలనుకునేవాడు.

నెల తిరక్కుండానే కొత్త బ్యాచి వార్డులోకి వచ్చింది. ఇస్త్రీ నలగని తెల్లకోట్లు. ముందు పెద్ద సారు, వెనక కొత్త పిల్లలు, చివర తాతయ్య. తాతయ్య పక్కన రేడియో.

మంచం దగ్గర ఆగాడు పెద్ద సారు. "ఈ కేసు చూడండి. ఎడమవైపు నీరు. పోయిన బ్యాచి మొత్తం వేలేసి కూడా పట్టుకోలేకపోయారు. నేను పట్టుకున్నాను. లే, కూర్చో. చొక్కా ఎత్తు. రాయి మీద కొట్టినట్టుంటుంది, వినండి."

నీరు తీసేసి వారాలైంది. ఆ సంగతి పెద్ద సారుకి తెలియదో, అక్కర్లేదో.

మొదటివాడు కొట్టాడు. "డల్ సార్." రెండోవాడు. "డల్ సార్, బాగా డల్." మూడో వంతు ఒక పొట్టి అమ్మాయిది. చేతులు రుద్దుకుని వేలేసింది. కొట్టింది. ఆగింది. కుడివైపు కొట్టి, మళ్ళీ ఎడమవైపు కొట్టింది. ఆ వేలికి చెవులున్నాయని వాడికి తెలిసిపోయింది.

"సార్..." అంది.

"ఊఁ?"

"రెండు పక్కలా ఒకేలా..."

పెద్ద సారు నవ్వాడు. మెడలోంచి స్టెతస్కోపు తీశాడు. మడిచాడు. వాడు తలొంచి దెబ్బ కోసం ఒళ్ళు బిగబట్టాడు, అలవాటు ప్రకారం. కానీ పెద్ద సారు వాడి వైపు రాలేదు. వెనక్కి తిరిగి, "నార్మల్, ఇలా రా" అన్నాడు.

రేడియో ముందుకొచ్చాడు. వీపు తిప్పి నిలబడ్డాడు. కాలరు పక్కన, చెవి కింద, ఊదారంగు గీత.

"ఇంకోసారి విని చెప్పమ్మా" అన్నాడు పెద్ద సారు, గొట్టం ఎత్తి పట్టుకుని.

అమ్మాయి వేలు మళ్ళీ వాడి వీపు మీదకొచ్చింది. మోగింది. ఎంత చక్కగా మోగింది! ఆమె ముందుకి వంగి వాడి మొహంలోకి చూసింది. నిజం చెప్పమన్నట్టు, నీ ఒళ్ళే కదా, నువ్వైనా చెప్పు అన్నట్టు. ఒక్క మాట. నీరు తీసేశారు అంటే చాలు. ఆ మాటకి దెబ్బ ఎవరి వీపున పడుతుందో వాడికి తెలుసు.

వాడు పెదాలు మాత్రం కదిపాడు. డల్ అను.

"డల్ సార్" అంది అమ్మాయి.

"ఎలాంటి డల్?"

"రాయిలా సార్."

"అదీ!" గొట్టం మెడలోకి వెళ్ళిపోయింది. గుంపు పక్క మంచానికి జరిగింది.

రేడియో కదల్లేదు. వాడి చొక్కా కిందకి లాగి, గుండీలు ఒక్కొక్కటే పెడుతున్నాడు. ఒకప్పుడు పళ్ళు తోముతూ కూడా నోరు మూయని మనిషి, గుండీలన్నీ అయ్యేదాకా ఏమీ అనలేదు. వాడికి ఏడుపొచ్చింది. "రేయ్, నేనప్పుడు..." అన్నాడు.

"ఊపిరి బాగా ఆడుతోందా?" అన్నాడు రేడియో.

"ఆడుతోంది."

"వినపడిందిలే. నేను నిలబడ్డ చోటికే వినపడింది."

"నార్మల్!" అని పక్క మంచం దగ్గర్నుంచి పెద్ద సారు కేకేశాడు. ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. ఒకడే వెళ్ళాడు, వెళ్తూ వెళ్తూ చొక్కా విప్పుకుంటూ.